ఆ శనివారం అరటిపండు వాఫుల్స్

మా ఇంట్లో ఉన్న, గళ్ళ అట్లు వేసే వాఫుల్ మెషిన్ నేను కొన్నది కాదు, ఆయన మొదటి భార్యది. ఆ మాట ముందే చెప్పేయడం మంచిది. వంటింట్లో చాలా సామాను ఆవిడదే. చాకులు, గరిటెలు, పోపులపెట్టె, ఆఖరికి సింకు కింద ఉండే రబ్బరు గ్లవ్స్ కూడా ఆవిడ కొలతే. అవి నా చేతికి పట్టవు.

నాకు పెళ్ళయ్యేసరికి నలభై దగ్గర పడ్డాయి. రాజమండ్రిలో ఓ జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పుకుంటూ, ఇంక మన బతుకింతేలే అనుకుని హాయిగానే ఉన్నాను. ఈలోగా అమెరికా నుంచి, అట్లాంటా పక్కనున్న అల్ఫారెట్టా సంబంధం వచ్చింది. అబ్బాయి ఇంజనీరట. అబ్బాయేమిటి నా మొహం, నలభై అయిదేళ్ళ మనిషి. భార్య జబ్బుచేసి పోయింది, పదేళ్ళ కూతురుంది, ఆ పిల్లని తల్లిలా చూసుకుంటే చాలు, మాకింకేం అక్కర్లేదు అన్నారట. మా వాళ్ళ కాళ్ళు నేల మీద ఆనలేదు. "పిల్ల పెద్దదే, నీళ్ళు పోసే పని లేదు, తినిపించే పని లేదు, నీకేం కష్టమే" అంది మా మేనత్త. కష్టమంటే ఏమిటో ఆవిడకేం తెలుసు!

ఆవిడకి ఏడాది ఆబ్దికం పెట్టిన నెలకి మా పెళ్ళి. పెళ్ళికి ముందు ఆవిడ ఫోటో దగ్గర చీరా జాకెట్టూ పెట్టి దణ్ణం పెట్టుకోమన్నారు. పెట్టుకున్నాను. "అక్కా, నీ పిల్లని నా పిల్లలా చూసుకుంటాను" అని మనసులో అనుకున్నాను. ఎవరో అనమన్నారని కాదు, నిజంగానే అనుకున్నాను. ఫోటోలో ఆవిడ నాకంటే చిన్నదిగా ఉంది.

ఆగస్టులో అట్లాంటా ఎయిర్‌పోర్టులో దిగాను. పిల్ల తండ్రి పక్కన నిలబడి ఫోన్ చూసుకుంటోంది. సన్నగా, పొడుగ్గా, నుదురంతా తల్లిదే. ఆయన నవ్వుతూ, "పిన్ని అని పిలువమ్మా" అన్నారు. పిల్ల నన్ను ఎగాదిగా చూసి, "పిన్ని శాంటా క్లారాలో ఉంది కదా" అంది. పోయినావిడ చెల్లెలి గురించి, అమెరికా అటు చివర ఊళ్ళో ఉంటుంది. పిల్ల దృష్టిలో పిన్ని అంటే అమ్మ చెల్లెలు, ఇంకెవరూ కాదు. తప్పేముంది? మరి నన్నేమని పిలవాలి? కార్లో ఎక్కేసరికి అదే తేల్చేసుకుంది. "ఆంటీ, సీట్‌బెల్ట్" అంది.

ఈ ఊళ్ళో ఆంటీ కానిది ఎవరు? పక్కింటావిడ ఆంటీ, గుళ్ళో పులిహోర పెట్టేఆవిడ ఆంటీ, కూచిపూడి నేర్పేఆవిడ ఆంటీ. సొంతింట్లో పొద్దున్నే లేపి, జడేసి, పాలిచ్చి, బస్సు ఎక్కించేదాన్ని, నేనూ ఆంటీనే. ఆ మాట వినపడినప్పుడల్లా ఎవరో నన్ను గుమ్మం బయటే నిలబెట్టి మాట్లాడుతున్నట్టు ఉండేది. అయినా ఒక్కనాడూ పైకి అనలేదు.

వచ్చిన నెలకే ఇంకో సంగతి తెలిసింది. శాంటా క్లారా చెల్లెలికి పిల్లని తన దగ్గర పెట్టుకోవాలని ఉంది. అక్క పోయిన రోజు నుంచీ అడుగుతోందట. ఈయన, "ఎలిమెంటరీ అవనీ, మిడిల్ స్కూల్‌కి వెళ్ళేటప్పుడు దాన్నే అడుగుదాం, దాని ఇష్టం" అని మాటిచ్చారట. ఈయన తీరే అంత. ఇవాళ కాదని చెప్పాల్సిన మాటని ఏడాది తర్వాతకి వాయిదా వేస్తారు. పిల్ల అప్పుడు ఐదో క్లాసు. మే నెలాఖరుకి స్కూలు అయిపోతుంది. ఈలోగా అది ఈ ఇంట్లో ఉంటాననాలి.

ఉండాలని నాకెందుకంత పట్టుదల అంటే రెండు కారణాలు, రెండూ దాచను. ఒకటి, అది వెళ్ళిపోతే లోకం ఏమంటుందో నాకు తెలుసు. సవతి తల్లి వచ్చింది, పిల్లని తగిలేసింది అంటారు. ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని సామెత ఎలాగూ సిద్ధంగా ఉంది. రెండోది, నాకా పిల్ల అంటే ఇష్టం కలిగింది. ఎప్పుడు కలిగిందంటే చెప్పలేను. సాక్సులు ఎప్పుడూ రెండు రకాలవి వేసుకుంటుంది. పుస్తకం చదువుతూ పెదాలు కదుపుతుంది. జ్వరం వస్తే ఎవరికీ చెప్పదు. పెళ్ళి చూపుల్లో ఎవరినీ ఇంతలా చూడలేదు నేను, ఆ పిల్లని చూసినంతగా.

పొద్దున్న పూట అది ఏమీ తినేది కాదు. ఇడ్లీ పెడితే చట్నీ నాకి వదిలేసేది. ఉప్మా అంటే మొహం తిప్పుకునేది. రంగురంగుల సీరియల్ గిన్నెలో పోసుకుని సగం తిని సింకులో పడేసేది. ఒక శనివారం ఫ్రిజ్ పైనున్న అల్మారా తుడుస్తుంటే గుండ్రటి మెషిన్ ఒకటి దొరికింది. వైరు చుట్టి, గుడ్డలో కట్టి ఉంది. "ఇదేమిటమ్మా?" అన్నాను. పిల్ల మెట్ల మీద ఆగిపోయింది. "అమ్మది. వాఫుల్స్. సాటర్‌డేస్ చేసేది" అంది. ఇంకో మెట్టు దిగి, "షుగర్ వెయ్యదు. ఫ్రూట్స్ వేస్తుంది" అంది. వేసేది అనలేదు, వేస్తుంది అంది.

"చేయనా?" అన్నాను. భుజాలెగరేసింది. ఆ భుజాలెగరేయడం అంటే వద్దనడం కాదని అప్పటికి నాకు అర్థమయింది.

అక్కణ్ణుంచి మొదలయింది నా తపస్సు. గుడ్డు ముట్టుకోని ఇల్లు మాది. నలభై ఏళ్ళు వచ్చాక మొదటిసారి కోడిగుడ్డు చేత్తో పట్టుకున్నాను. పగలగొట్టేటప్పుడు ముక్కు మూసుకుని, ఒంటిచేత్తో కొడితే సగం పెంకు గిన్నెలో పడింది. పెంకు ఏరుకుంటూ మా అమ్మ చూస్తే ఏమనేదో అనుకుని నాలో నేనే నవ్వుకున్నాను. మొదటి వాఫుల్ మెషిన్‌కి అతుక్కుపోయింది. మూత ఎత్తితే పైసగం పైనా, కిందసగం కిందా. మొదటి అట్టు పెనానికి అనుకుని రెండోది పోశాను. అదీ అంతే. పదిహేనేళ్ళు పిల్లలకి సోడా పెరుగులో వేస్తే ఏ గ్యాసు వస్తుందో బోర్డు మీద రాసి చెప్పినదాన్ని, పిండి ఎందుకు పొంగలేదో నాకే తెలియలేదు. ఇంతాచేసి సోడా డబ్బా పాతబడి పోయిందట.

రెసిపీ ఎక్కడా లేదు. పిల్ల నోట్లోంచి ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఓ వారం, "బనానా లోపల ఉంటుంది, పైన కాదు" అంది. ఇంకో వారం, "ఓట్స్ పౌడర్, వైట్ పిండి కాదు" అంది. ఓసారి నేను తోచక యాలకుల పొడి వేస్తే వాసన చూసి, "గుడిలో పాయసంలా ఉంది" అని పక్కకి తోసింది. యాలకులు కాదు, దాల్చినచెక్క అని రెండు వారాల తర్వాత తెలిసింది. బ్లూబెర్రీలు పిండిలో కలిపితే పగిలి, మాడి, మెషిన్ గళ్ళలో నల్లగా అంటుకుపోయేవి. పిండి పోశాక పైన చల్లి, వాటి మీద ఇంకో చెంచా పిండి వేస్తే అంటవని నేనే కనిపెట్టాను. ఆవిరి రావడం ఆగేదాకా మూత ఎత్తకూడదని కూడా నేనే కనిపెట్టాను. అదేం పెద్ద విద్య కాదు, కానీ ఎవరూ చెప్పకుండా నేర్చుకోవడం నా జాతకం.

దీపావళి దాటాక ఒక శనివారం కుదిరింది. బంగారు రంగులో, అంచు కరకరలాడుతూ, లోపల అరటిపండు మెత్తగా. పైన స్ట్రాబెర్రీ ముక్కలు, చెంచాడు పెరుగు, కొంచెం తేనె. పిల్ల ఒక ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. "క్లోజ్" అంది. దగ్గరగా ఉంది అని. అంతే. ఆ మాటకి నేను గరాజ్‌లోకి వెళ్ళి, వాషింగ్ మెషిన్ పక్కన నిలబడి ఏడ్చాను. సిగ్గులేదు నాకు.

ఆ చలికాలమంతా శనివారాలు బాగా గడిచాయి. అది స్టూల్ మీద కూర్చుని ఫోర్కుతో అరటిపళ్ళు చిదిమేది. నల్ల మచ్చలు పడ్డ పళ్ళే బాగుంటాయని సోమవారమే కొని పక్కన పెట్టేవాళ్ళం. "నువ్వు చిన్నప్పుడు వాఫుల్స్ తిన్నావా?" అని అడిగింది ఓసారి. దానికి మీరు, నువ్వు తేడా లేదు, అందరూ నువ్వే. "మా ఊళ్ళో ఇలాంటివి లేవమ్మా, దిబ్బరొట్టె ఉండేది" అన్నాను. "అంటే?" అంది. ఆ మర్నాడు మినపపిండితో దిబ్బరొట్టె వేసి పెట్టాను. సగం తింది. ఈయన పేపర్ టవల్‌తో చెయ్యి తుడుచుకుంటూ, "చూశావా, అదే దారిలో పడుతుంది" అన్నారు, ఆయనేదో పడేసినట్టు. అయినా ఆ రోజు నాకు ఆయన మీద కూడా కోపం రాలేదు.

ఏప్రిల్ మధ్యలో మా అత్తగారు ఇండియా నుంచి ఫోన్ చేశారు. "ఫలానా రోజు దాని తిథి వస్తోంది, వైశాఖంలో పోయింది కదా, మర్చిపోకండి" అని. రెండో ఏడు. నేను మర్చిపోతానా? తలంటుకుని, తడిజుట్టు ముడేసుకుని, ఉల్లీ వెల్లుల్లీ లేకుండా వంటంతా నేనే చేశాను. గారెలు, పరమాన్నం, పప్పు, అరటికాయ కూర. గుడి నుంచి వచ్చిన పంతులుగారు తంతు జరిపించారు. ఆవిడ పుణ్యస్త్రీగా పోయింది కాబట్టి ముత్తైదువకి చీర పెట్టాలంటే పక్క వీధి ఆవిణ్ణి పిలిచి, పసుపు రాసి, చీర పెట్టి, కాళ్ళకి దణ్ణం పెట్టాను. సవతి తద్దినానికి గారెలు వండిన చేతులివి. గొప్ప చెప్పుకోవడం లేదు. మనస్ఫూర్తిగా చేశానని చెబుతున్నాను.

పిల్ల ఆ రోజు స్కూల్లో ఉంది. "దానికి చెప్పొద్దా?" అంటే, "ఎందుకులే, బాధపడుతుంది" అన్నారు ఈయన. సాయంత్రం వచ్చి, గారెలు కెచప్‌తో తిని, హోంవర్కు చేసుకుని పడుకుంది. ఆ రోజేమిటో దానికి తెలియదు. నా మటుకు నాకు, ఆ ఏటికి ఆవిడ రోజు అయిపోయింది. పోయిన మనిషిని తలుచుకోవడం అంటే మాకు తిథి. మా నాన్న పోయిన ఇంగ్లీషు తారీఖు ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను చెప్పలేను. మాఘ బహుళ ద్వాదశి అని నిద్రలో లేపినా చెబుతాను. అమెరికాలో పుట్టిన పిల్లకి వైశాఖం ఎక్కడిది? దానికి అమ్మ పోయింది మే నెలలో, ఒక తారీఖున. ఈ మాట నాకు తట్టలేదు. తట్టాల్సింది, కానీ తట్టలేదు.

మే మధ్యకి వచ్చేసరికి నాకు గాభరా ఎక్కువయింది. ఇంకో రెండు వారాల్లో స్కూలు అయిపోతుంది. శాంటా క్లారా పిన్ని వస్తుంది, పిల్లని అడుగుతారు. ఈ ఇల్లు సరదాగా ఉంటుంది, ఇక్కడ నీకు స్నేహితులున్నారు అని దానికి తెలిసేలా ఏదైనా చేయాలనిపించింది. వాళ్ళ క్లాసు పిల్లలు ఇద్దర్ని, వాళ్ళ అమ్మలకి మెసేజ్ పెట్టి, శనివారం పొద్దున్న టిఫిన్‌కి పిలిచాను. వాఫుల్ పార్టీ. ఈయనతో చెబితే ఒక్క క్షణం నా వైపు చూసి, "సరే, నీ ఇష్టం" అన్నారు. శనివారం పొద్దున్నే స్నానం చేసి, "గుడికెళ్ళొస్తా" అని వెళ్ళిపోయారు. శనివారం కదా, వెంకన్న దర్శనానికి అనుకున్నాను.

బల్ల మీద కొత్త గుడ్డ పరిచాను. స్ట్రాబెర్రీలు, కివీ, మామిడిపండు ముక్కలు, దానిమ్మ గింజలు వేరువేరు గిన్నెల్లో పెట్టాను. క్రీమ్ చిలికాను. బుడగలు ఊది కుర్చీలకి కట్టాను కూడా. తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. పిల్ల నిద్ర లేచి వచ్చేసరికి స్నేహితులిద్దరూ కూర్చుని ఉన్నారు. వాళ్ళ మొహాలూ అదోలా ఉన్నాయి. సిగ్గుపడుతున్నారు కాబోలు అనుకున్నాను. "రా తల్లీ, చూడు, నీకోసం అమ్మ చేసినట్టే చేశాను" అన్నాను నవ్వుతూ. అమ్మ చేసినట్టే అని ఎన్నడూ అనని దాన్ని, ఆ రోజే అనాలా!

పిల్ల బుడగల వైపు చూసింది. ప్లేటు వైపు చూసింది. "టుడే?" అంది. ఇవాళా, అని. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ప్లేటు పక్కకి తోసేసి మెట్లెక్కి వెళ్ళిపోయింది. తలుపు దబాలున పడింది.

నేను గరిటె పట్టుకుని అలాగే ఉన్నాను. మెషిన్‌లోంచి ఆవిరి ఆగిపోయి మాడు వాసన వస్తోంది. ఇద్దరిలో చిన్నగా ఉండే పిల్ల మెల్లిగా చెప్పింది. "ఆంటీ, ఇవాళ వాళ్ళ మామ్ చనిపోయిన డే. నిన్న స్కూల్లో మేమందరం కార్డ్ ఇచ్చాం."

గబగబా పైకి వెళ్ళాను. తలుపు అవతల నుంచే, "అమ్మా, నాకు తెలీదురా. మన తిథి పోయిన నెల్లోనే అయిపోయింది, తారీఖు నాకెవరూ చెప్పలేదు, ఒట్టు, నాకు తెలీదు" అన్నాను. తెలుగులో చెప్పాను, వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. లోపల్నుంచి ఒకే మాట వచ్చింది. "యూ ఆర్ లయింగ్."

అబద్ధమాడుతున్నానట. ఆ మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అది. చేసింది తప్పే, కానీ అబద్ధం ఎందుకాడతాను? ఎందుకలా అనుకుంటున్నావమ్మా అని ఒక్క మాట అడగాల్సింది. ఆ కోపంలో, ఆ సిగ్గులో అడగలేదు. కిందికొచ్చి, ఆ పిల్లలిద్దరికీ డబ్బాల్లో పళ్ళు పెట్టిచ్చి, వాళ్ళ అమ్మలకి ఫోన్ చేశాను.

ఈయన గుడి నుంచి వచ్చాక గుమ్మంలోనే అడిగాను. "మీకు తెలుసా ఇవాళేమిటో?" "లేదే, నాకూ తట్టలేదు. మనం తిథి పెట్టేశాం కదా" అన్నారు. నుదుటి మీద కుంకుమ, చేతిలో ప్రసాదం పొట్లం. నేను నమ్మాను. మనిషికి భార్య పోయిన రోజు గుర్తుండదా అని అడగాలని నోటిదాకా వచ్చింది. అది అడగడానికి నేనెవర్ని అనిపించి ఊరుకున్నాను. "మీరైనా పైకెళ్ళి చెప్పండి, నాకు తెలియదని. నేను చెబితే నమ్మడం లేదు" అన్నాను. వెళ్ళారు. కాసేపటికి దిగి వచ్చి, "చెప్పాను. కోపంలో ఉంది, వినడం లేదు. వదిలెయ్, అదే సర్దుకుంటుంది" అన్నారు.

సర్దుకోలేదు. ఆ తర్వాత శనివారాలు అది పదింటిదాకా గదిలోంచి రాలేదు. నాతో మాట్లాడకపోవడం కాదు, మాట్లాడేది. "యెస్ ఆంటీ. నో ఆంటీ. థాంక్యూ ఆంటీ." ఇంటికొచ్చిన చుట్టంతో మాట్లాడినట్టు మర్యాదగా. ఆ మర్యాద కంటే రెండు తిట్లు తిట్టినా బాగుండేది. నెలాఖరుకి పిన్ని వచ్చింది. మంచి మనిషే, ఏమాటకామాట చెప్పుకోవాలి. నా చేతులు పట్టుకుని, "మీరు చాలా చేశారండీ" అంది, పని అయిపోయిన మనిషితో అన్నట్టు. హాల్లో కూర్చోబెట్టి అడిగారు పిల్లని. "శాంటా క్లారా" అంది. ఆలోచించుకోలేదు, ఎవరి వైపూ చూడలేదు.

రెండు సూట్‌కేసులూ నేనే సర్దాను. ఎయిర్‌పోర్టులో తండ్రిని కావలించుకుని ఏడ్చింది. నా దగ్గరికొచ్చి ఒక చేత్తో భుజం తట్టినట్టు పట్టుకుని వదిలేసింది. ఊళ్ళో ఆంటీలందరూ నేననుకున్నట్టే అన్నారు. కొందరు వెనకాల అన్నారు. ఒకావిడ మొహం మీదే, దయతలిచినట్టు, "పోనీలెండి, మీకూ కాస్త ఊపిరాడుతుంది" అంది. ఆవిడ మళ్ళీ మా గుమ్మం ఎక్కలేదు, నేను ఎక్కనివ్వలేదు.

అది వెళ్ళాక ఆదివారాలు తండ్రితో వీడియోలో మాట్లాడుతుంది. చివర్లో ఆయన ఫోను నా వైపు తిప్పితే, "హాయ్ ఆంటీ, బై ఆంటీ" అంటుంది. అక్టోబరులో ఓ ఆదివారం ఆయన ఇండియన్ స్టోర్‌కి వెళ్తూ ఫోను వంటింట్లో చార్జింగ్‌కి పెట్టి మర్చిపోయారు. అది మోగింది. నేనే ఎత్తాను. నాన్న లేరమ్మా అంటే పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు. స్కూలు గురించి చెప్పింది. వాలీబాల్ ఆడుతోందట. నాలుగు నెలల్లో మొహం పొడుగయింది.

"ఆంటీ, ఒకటి చెప్పనా?" అంది. "నేను ఆ రోజు మీన్‌గా ఉన్నాను. సారీ. బలూన్స్ అవీ... నువ్వు నన్ను చీర్ అప్ చేద్దామనుకున్నావు, అది ఓకే. పిన్ని కూడా అదే అంది. బట్ నువ్వు నాకు తెలీదు అన్నావు చూడు, అదే నాకు..." జుట్టు వెనక్కి తోసుకుంది. "నాన్న ముందు రోజే చెప్పాడు కదా."

"ఏం చెప్పాడమ్మా?" అన్నాను.

"ఫ్రైడే కార్‌లో నేను అడిగాను. ఆంటీకి తెలుసా రేపు అమ్మ డే అని. తెలుసు, అందుకే నీకోసం స్పెషల్‌గా చేస్తోంది అన్నాడు."

స్టవ్ మీద పప్పు ఉడుకుతోంది. దాన్ని కట్టేశాను. "మరి ఆ రోజు నాన్న పైకొచ్చి నీతో ఏమన్నారు?" అన్నాను. గొంతు మామూలుగానే వచ్చింది, అదే ఆశ్చర్యం.

"ఏం లేదు. ఆంటీకి కొంచెం టైమ్ ఇవ్వు అన్నాడు. దెన్ హగ్ ఇచ్చాడు."

అప్పుడు నాకంతా అర్థమయింది. ఆయనకి తెలుసు. శుక్రవారమే తెలుసు. శనివారం పొద్దున ఆవిడని తలుచుకుని దణ్ణం పెట్టుకోవడానికే గుడికెళ్ళారు. నేను బుడగలు ఊదుతుంటే నా పక్కనుంచే చెప్పులేసుకుని వెళ్ళారు. పిల్ల అడిగితే ఆ క్షణం దాటడానికి ఓ అబద్ధం, నేను అడిగితే ఆ క్షణం దాటడానికి ఇంకో అబద్ధం. దుర్మార్గం కాదు అది. దుర్మార్గమైతే ఎదిరించి పోట్లాడొచ్చు. ఇది వట్టి పిరికితనం. దానికి నా పిల్ల పోయింది. అవును, నా పిల్లే. ఎవరేమనుకున్నా సరే.

"ఆంటీ?" అంది పిల్ల. "నువ్వు ఆ రోజు అవును, తెలుసు అనుంటే నేను మే బీ ఓకేగా ఉండేదాన్ని. నాకు అబద్ధాలు ఇష్టం లేదు. అమ్మకి బాలేనప్పుడు అందరూ అబద్ధాలే చెప్పారు. నాన్న ఒక్కడే ట్రూత్ చెప్పేవాడు."

నిజం నా నాలుక చివరి దాకా వచ్చింది. ఒక్క వాక్యం. మీ నాన్న నీకు అబద్ధం చెప్పాడమ్మా, నాకూ చెప్పాడు. ఆ వాక్యం అనేస్తే నా పరువు నాకు దక్కుతుంది. పిల్ల తిరిగి వస్తుందో రాదో కానీ, నన్ను నమ్ముతుంది. నాకెంత ఆశ పుట్టిందో చెప్పలేను. ఫోన్లో దాని మొహం చూశాను. తల్లి లేదు. అబద్ధం చెప్పని మనిషి ఈ లోకంలో తండ్రి ఒక్కడే అనుకుంటోంది. అతగాడు ఎలాంటివాడైనా, ఆ పిల్లకి మిగిలింది అతనే. నేను ఆ ఒక్కటీ లాక్కుని ఏం చేసుకోను?

"అవునమ్మా" అన్నాను. "నాకు తెలుసు. ఆ రోజు భయమేసి తెలీదన్నాను. తప్పయింది."

పిల్ల మొహం తేలికపడింది. "థాంక్యూ ఫర్ టెల్లింగ్ మీ" అంది. "నాన్నకి నేను కాల్ చేశానని చెప్పు."

చెప్పాను. ఆయన సంచులు దింపి, "ఏమంది?" అన్నారు. "వాలీబాల్ ఆడుతోందట" అన్నాను. "మంచిది, మంచిది" అంటూ కొత్తిమీర కట్టలు ఫ్రిజ్‌లో పెట్టుకున్నారు. ఆయన తెలుగులో ఏ పుస్తకమూ తెరిచే మనిషి కాదు. పిల్లకి తెలుగు మాట్లాడటం వచ్చు కానీ చదవడం రాదు. అందుకని ఇక్కడ రాశాను, ఆ రోజు నాకు నిజంగా తెలియదని.